పట్టికలో ఇమడని ప్రశ్న

“కేంద్రకపూర్వ కణానికీ, నిజకేంద్రక కణానికీ గల భేదాలను పట్టిక రూపంలో వ్రాయుము.” జీవశాస్త్రం అభ్యసించే ప్రతి విద్యార్థికీ ఈ ప్రశ్న చిరపరిచితం. ఇంటర్మీడియట్‌లో ఒకసారి, డిగ్రీ మొదటి సంవత్సరంలో మరొకసారి మేమూ దీనికి సమాధానం వ్రాశాము. స్కేలు పెట్టి కాగితం మధ్యన నిలువు గీత గీసి, ఎడమ ప్రక్కన ‘లేదు’ అనీ, కుడి ప్రక్కన ‘ఉంది’ అనీ వరుసగా నింపుకుంటూ పోయాము. కేంద్రకత్వచం అక్కడ లేదు, ఇక్కడ ఉంది. మైటోకాండ్రియా అక్కడ లేవు, ఇక్కడ ఉన్నవి. మార్కులు బాగానే పడ్డాయి. ఆ పాఠంతో మా ఋణం తీరిపోయిందని తలచాము. తీరలేదని మాకు తెలియజెప్పినవారు పరీక్షాధికారులు కారు. అయిదవ తరగతితోనే బడి మానిన ఒక వృద్ధురాలు. ఆ వృత్తాంతాన్ని మా కళాశాల వార్షిక సంచిక ద్వారా తోటి విద్యార్థులతో పంచుకోవాలన్నదే మా ఉద్దేశం.

మేము నలుగురం బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థినులం. ప్రయోగశాలలో మా నలుగురిదీ ఒకే బల్ల, మా నలుగురికీ ఒకే సూక్ష్మదర్శిని. మాలో ఇద్దరు పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవారు, ఇద్దరు తెలుగు మాధ్యమంలో చదివినవారు. అందుచేత మా బల్ల మీద ప్రతి వస్తువుకూ రెండు పేర్లు ఉండేవి. ఒకరు ‘కణం’ అంటే మరొకరు ‘ఖలియా’ అనేవారు. ఒకరు ‘కేంద్రకం’ అంటే మరొకరు ‘మర్కజా’ అనేవారు. మొదట్లో ఇది కొంత చిక్కుగా తోచింది. తరువాత గమనిస్తే రెండు భాషలవారూ ‘కేంద్రం’ అనే ఒకే భావాన్ని పట్టుకుని ఆ మాటను కల్పించుకున్నారని తెలిసింది. గ్రీకు భాషలో మాత్రం ‘కేర్యాన్’ అంటే కాయ లోపలి పప్పు. పప్పు ఏర్పడక ముందటి కణం ప్రోకేరియాటిక్ కణం, నిజమైన పప్పు గలది యూకేరియాటిక్ కణం. మైటోకాండ్రియా దగ్గరకు వచ్చేసరికి రెండు భాషల పుస్తకాలూ ఆ పేరునే ఉంచుకున్నవి. ఆ ఒక్క మాట దగ్గర మా బల్ల మీద వివాదం ఉండేది కాదు. ఈ కథలో ముఖ్యపాత్ర వహించేది కూడా అదే.

ఆనాటి ప్రయోగం పెరుగులోని సూక్ష్మజీవులను చూచుట. ఇంటి పెరుగు తెమ్మని మా అధ్యాపకురాలు చెప్పారు. మా సహాధ్యాయినులలో ఒకరి అమ్మమ్మ, మేమందరం కూడా ‘నానీ’ అని పిలిచే పెద్దావిడ, ఒక స్టీలు గిన్నెలో గడ్డపెరుగు పెట్టి పంపారు. దానిని నీటితో పలుచన చేసి గాజుపలక మీద పూసి, ఆరబెట్టి, దీపపు సెగకు చూపి, స్ఫటిక ఊదా, అయోడిన్, ఆల్కహాలు, సాఫ్రానిన్‌లను వరుసగా వాడి రంగు ఎక్కించాము. నూనె చుక్క వేసి నూరు రెట్ల కటకాన్ని దించగా ఊదారంగు కడ్డీలు, గొలుసులుగా అమరిన చుక్కలు కనిపించాయి. ఎంత చూచినా వాటిలోపల మరేమీ కనిపించలేదు.

రెండవ పలక మా బుగ్గలోనిది. శుభ్రమైన పుల్లతో బుగ్గ లోపలి పొరను మెల్లగా గీరి, మిథిలీన్ బ్లూ వేసి చూచాము. విశాలమైన పలుచని కణం, దాని నడుమ ముదురు నీలంగా కేంద్రకం. అంతలో మాలో ఒకరు, “ఈ కణం మీద నలకలు పడ్డాయి, పలక సరిగా కడగలేదు” అన్నారు. అధ్యాపకురాలు వచ్చి చూచి నవ్వి, “అవి నలకలు కావు, మీ నోటిలోని బాక్టీరియాలు. పుస్తకంలో వేరువేరు పుటలలో ఉన్న రెండు రకాల కణాలు మీకు ఒకే పలక మీద దొరికాయి, చూడండి” అన్నారు. ఆ బుగ్గ కణం అడ్డకొలత సుమారు 50 నుండి 60 మైక్రోమీటర్లు. దాని మీది చుక్క ఒక్క మైక్రోమీటరు, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. చాప మీద చల్లిన సెనగగింజల వలె ఉన్నవి అవి. పట్టికలో ‘పరిమాణం చిన్నది, పెద్దది’ అని వ్రాసిన మాటకు అర్థం ఆనాడు మా కంటికి తెలిసింది.

ఈ భేదాన్ని గుర్తించడానికి మానవునికి చాలా కాలం పట్టింది. 1665లో రాబర్ట్ హుక్ బెరడుముక్కలో గదులను చూచి వాటికి ‘సెల్’ అని పేరు పెట్టాడు. 1676లో హాలెండు దేశస్థుడైన లీవెన్‌హుక్ తాను చూచిన బాక్టీరియాలను గూర్చి లండన్ రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. 1831లో రాబర్ట్ బ్రౌన్ మొక్కల కణాలలో కేంద్రకాన్ని గుర్తించి దానికి పేరు పెట్టాడు. 1925లో ఎడ్వార్డ్ షాటన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ రెండు పేర్లను మొదట ప్రయోగించాడు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత 1962లో స్టేనియర్, వాన్ నీల్ అనే ఇరువురు ఈ విభజనను స్పష్టంగా నిర్వచించారు. కేంద్రకం లేని జీవులన్నీ ఒకే జాతివి కావనీ, వాటిలో ఆర్కియా అనే మరొక శాఖ ఉన్నదనీ 1977లో కార్ల్ ఊజ్ నిరూపించాడు.

కేంద్రకం లేకపోవుట అంటే వంశసూత్రం లేకపోవుట కాదు. ఈ పొరపాటు మేమూ చేశాము. మన ప్రేగులలో నివసించే ఈ.కోలై బాక్టీరియాలో సుమారు 46 లక్షల క్షారజంటలు గల డి.ఎన్.ఏ. ఒకే వలయంగా ఉంటుంది. దానిని సాగదీస్తే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. అది రెండు మైక్రోమీటర్ల పొడవున్న కణంలో మెలికలు పడి ఒదిగి ఉంటుంది. దాని చుట్టూ త్వచం లేదు. అందువలన డి.ఎన్.ఏ. నుండి సందేశం వ్రాయబడుతూ ఉండగానే రైబోసోములు ఆ సందేశాన్ని చదివి ప్రోటీను తయారుచేయడం మొదలుపెడతాయి. మన కణంలో అట్లు కాదు. సుమారు రెండు మీటర్ల డి.ఎన్.ఏ. 46 క్రోమోజోములుగా, హిస్టోను ప్రోటీనులకు చుట్టుకుని, కేంద్రకంలో భద్రంగా ఉంటుంది. సందేశం లోపల తయారై, దిద్దుబాటు పొంది, కేంద్రకత్వచ రంధ్రాల గుండా వెలికి వచ్చి, కణద్రవ్యంలో చదవబడుతుంది. మొదటిది ఒకే గది ఇల్లు. వంట, పడక, పద్దులు అన్నీ అక్కడే. రెండవది వంటిల్లు, కొట్టు, కచేరీ వేరువేరుగా ఉన్న పెద్ద లోగిలి. చిన్న ఇంటికి వేగం ఎక్కువ. అనుకూల పరిస్థితులలో ఈ.కోలై 20 నిమిషాలకొకసారి రెండుగా విడిపోగలదు. పెద్ద లోగిలికి పనుల పంపకం ఎక్కువ. అందుచేతనే అట్టి కణాలు కోట్లుగా కలిసి కన్నుగా, చెవిగా, గుండెగా ఏర్పడగలిగాయి.

ఇక ఈ భేదం వలన మనకు కలిగిన మహోపకారం ఒకటి ఉన్నది. చాలా బాక్టీరియాల కణకవచం పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో నిర్మితం. మన కణాలకు కవచమే లేదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొన్న పెన్సిలిన్ ఆ కవచపు అల్లికను చెరుపుతుంది. మనలో ఆ అల్లిక లేదు గనుక మన కణాన్ని అది బాధించదు. రైబోసోముల సంగతీ అంతే. బాక్టీరియాలవి 70 ఎస్, మన కణద్రవ్యంలోనివి 80 ఎస్. ‘ఎస్’ అనేది అపకేంద్ర యంత్రంలో తిప్పినప్పుడు రేణువు దిగే వేగానికి కొలమానం, స్వెడ్‌బెర్గ్ అనే స్వీడిష్ శాస్త్రజ్ఞుని పేరిట ఏర్పడినది. 30, 50 కలిస్తే 80 కావలెను గదా, 70 ఎట్లయింది అని మేము తికమకపడ్డాము. అది బరువు కాక వేగం గనుక కూడికకు లొంగదని తరువాత తెలిసింది. 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ కనుగొన్న స్ట్రెప్టోమైసిన్ ఆ 30 ఎస్ భాగానికి అంటుకుని బాక్టీరియా ప్రోటీను తయారీని చెడగొడుతుంది. క్షయరోగంపై బాగా పనిచేసిన తొలి యాంటీబయాటిక్ అదే. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనాలయం నుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ పనిచేసేది కూడా ఆ 30 ఎస్ భాగం మీదనే. ఆ భాగపు నిర్మాణాన్ని అణువణువునా తేల్చినందుకు మన దేశంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారు మరి ఇరువురితో కలిసి 2009లో నోబెల్ బహుమతి పొందారు.

ఇంత తెలిసిన ఉత్సాహంలో ఆ సాయంకాలం పెరుగు గిన్నె తిరిగి ఇవ్వడానికి నానీ ఇంటికి వెళ్ళాము. నానీకి డెబ్బై ఏళ్ళు దాటాయి. వినికిడి చాలా తక్కువ. ఎదుటివారి పెదవులను చూచి మాట గ్రహిస్తారు. చీకటి పడితే గోడ పట్టుకోనిదే అడుగు వేయలేరు. వయసు మీరినందున అట్లు ఉన్నారని మేము భావించేవారము. “ఈరోజు కాలేజీలో ఏం చదివారు బేటీ?” అని ఆమె అడిగారు. మేము ఒకరి మాట ఒకరు అందుకుంటూ, కొంత ఉర్దూలో, కొంత తెలుగులో, చేతులతో చూపుతూ చెప్పుకుపోయాము. ఆమె పెరుగులో కేంద్రకం లేని జీవులున్నాయని చెప్పాము. మన కణం వేరు, క్రిమి కణం వేరు అని చెప్పాము. “అందుకే నానీ, మందు క్రిమిని చంపుతుంది, మనలను ముట్టదు” అని ముగించాము.

నానీ కొంతసేపు మౌనంగా ఉన్నారు. తరువాత మెల్లగా అడిగారు. “1974లో నాకు టీబీ వచ్చింది. పెళ్ళయిన కొత్త. నెలల తరబడి రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది. దగ్గు తగ్గింది, ప్రాణం నిలిచింది. కాని ఆ రోజులలోనే చెవులలో హోరు పుట్టింది, నేల తిరిగినట్లయింది, వినికిడి పోయింది. మందు మనలను ముట్టదంటున్నారే, మరి నా చెవులను ముట్టింది ఎవరు?”

ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలన్న కోరిక మాత్రమే ఉన్నది. యాభై ఏళ్ళుగా ఆ ప్రశ్న ఆమెతోనే ఉండిపోయినట్లు మాకు తోచింది. మా పట్టికలోని పదకొండు భేదాలలో ఏ ఒక్కటీ దానికి సమాధానం చెప్పలేదు. తలలు వంచుకుని వచ్చేశాము. ఆమె మనుమరాలైన మా నేస్తం వీధి మలుపు వరకు మాతో వచ్చి, “అది ముసలితనం వలన అని అమ్మ కూడా అనుకుంటుంది” అని మాత్రం అన్నది.

మరునాడు మా అధ్యాపకురాలిని ఆశ్రయించాము. ఆమె నల్లబల్ల మీద పట్టిక వేసి, ‘రైబోసోములు: 70 ఎస్, 80 ఎస్’ అన్న వరుస దగ్గర సుద్దముక్క ఆపి, “ఈ వరుస తప్పు కాదు, అసంపూర్ణం” అన్నారు. పిమ్మట ఆమె వివరించినదాని సారాంశం ఇది.

మన కణంలో ఆహారం నుండి శక్తిని వెలికితీసి ఏ.టీ.పీ. రూపంలో అందించేవి మైటోకాండ్రియా. ఆ ఏ.టీ.పీ.ని కండరాలలో కనుగొన్నవారిలో, 1929లో ఫిస్క్‌తో కలిసి పనిచేసిన, పైన చెప్పిన సుబ్బారావు గారూ ఒకరు. ఈ మైటోకాండ్రియాకు రెండు పొరలు ఉన్నవి. కేంద్రకంతో నిమిత్తం లేని సొంత డి.ఎన్.ఏ. ఉన్నది. అది బాక్టీరియాలలో వలె వలయాకారం. మానవునిలో దాని పొడవు 16,569 క్షారజంటలనీ, దానిలో 37 జన్యువులున్నవనీ 1981లో పూర్తిగా చదివి తేల్చారు. దానికి సొంత రైబోసోములు కూడా ఉన్నవి. మనలో అవి 55 ఎస్ పరిమాణంలో ఉన్నా, వాటి పోలిక బాక్టీరియా రైబోసోములతోనే. మైటోకాండ్రియా కొత్తగా పుట్టవు, ఉన్నవే రెండుగా చీలి పెరుగుతాయి. ఈ పోలికలను బట్టి, 150 కోట్ల ఏళ్ళకు పూర్వమే ఒక బాక్టీరియా మరొక కణంలో చేరి, జీర్ణం కాక నిలిచి, తరతరాలుగా అక్కడే కాపురముండి మైటోకాండ్రియాగా మారిందని లిన్ మార్గులిస్ 1967లో సమగ్రంగా వాదించింది. మొదట చాలామంది ఒప్పుకోలేదు. నేడు అది శాస్త్రలోకం అంగీకరించిన సత్యం. అనగా, పట్టికలో ఎడమ వరుసలో ఉండవలసిన జీవి యొక్క సంతతి కుడి వరుసలోని కణం లోపలే ఉన్నదన్నమాట.

బాక్టీరియా రైబోసోమును గురిచూచిన మందు మన మైటోకాండ్రియా రైబోసోమును కూడా కొంత తాకగలదు. స్ట్రెప్టోమైసిన్ జాతి మందులు లోపలి చెవిలోని రోమకణాలలో చేరుతాయి. వినికిడికీ, శరీరపు నిలకడకూ ఆధారం ఆ కణాలే. అవి నశిస్తే మానవునిలో తిరిగి పుట్టవు. చీకటిలో నానీ గోడ పట్టుకునేది చూపు మందగించి కాదు. చెవిలోని తూకం పోయినవారికి కన్నే ఆధారం, చీకటిలో ఆ ఆధారం కూడా ఉండదు. మందు మోతాదు ఎక్కువైనా, ఎక్కువ కాలం వాడినా ఎవరికైనా ఈ హాని కలుగవచ్చు. కాని కొన్ని కుటుంబాలలో కొద్ది మోతాదుకే చెవుడు వస్తుంది. దానికి కారణం 1993లో బయటపడింది. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లో 1555వ స్థానంలో ఒక్క అక్షరం మారితే, ఆ రైబోసోము బాక్టీరియా రైబోసోమును మరింత పోలుతుంది. మందు దానిని శత్రువుగా భ్రమించి గట్టిగా పట్టుకుంటుంది.

ఇంతవరకు చెప్పి మా అధ్యాపకురాలు ఒక్క క్షణం ఆగి, “మైటోకాండ్రియా మనకు తల్లి నుండి మాత్రమే వస్తాయి” అన్నారు.

ఆ మాట వినగానే మా నేస్తం ముఖం వివర్ణమైంది. నానీ కూతురు ఆమె తల్లి. ఆ తల్లి కూతురు ఆమె. నానీ చెవులు పోయినది మోతాదు వలననా, ఆ ఒక్క అక్షరం వలననా అన్నది మాకు తెలియదు. రెండవదే అయితే ఆ అక్షరం ఈ బల్ల ముందు కూర్చున్న మాలో ఒకరిలోనూ ఉన్నట్లే. అప్పటివరకు మార్కుల కొరకు వ్రాసిన పట్టికలోని ఒక వరుస మా మధ్యనే ఒక మనిషిగా కూర్చున్నట్లయింది. ఆ రోజు ఇక ఎవరమూ నోటు పుస్తకం తెరవలేదు.

అధ్యాపకురాలి సలహాపై మా నేస్తమూ, ఆమె తల్లీ చెవి వైద్యుని కలుసుకున్నారు. మేము బయట బల్ల మీద కూర్చున్నాము. వైద్యుడు అంతా విని, ఇద్దరి వినికిడినీ పరీక్షించి, బాగానే ఉన్నదని చెప్పారు. నేడు కొత్తగా క్షయ సోకినవారికి సాధారణంగా నోటి మాత్రలతోనే చికిత్స జరుగుతున్నదనీ, కాని అదే జాతికి చెందిన జెంటామైసిన్, అమికాసిన్ సూదులు ఇతర తీవ్ర వ్యాధులకు ఇప్పటికీ అవసరపడుతున్నాయనీ వివరించారు. “మీ తల్లి వైపు ఇట్లు జరిగిందని ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందుగా చెప్పండి. వేరే మందు ఉంటే అదే వాడతారు” అని ఒక చీటీపై వ్రాసి ఇచ్చారు. జన్యుపరీక్ష చేయించుకునే వీలు కూడా ఉన్నదని చెప్పారు. ఆ చీటీ ఇప్పుడు మా నేస్తం గుర్తింపు కార్డు వెనుక భద్రంగా ఉన్నది. తల్లి మరొక ప్రతిని తన సోదరీమణులకు పంపింది.

తరువాత మేము నానీకి సమాధానం చెప్పడానికి వెళ్ళాము. ఈసారి ఒకరి మాట ఒకరు అందుకోలేదు. మా నేస్తమే ఎదురుగా కూర్చుని, పెదవులు స్పష్టంగా కదిలేట్లు, నెమ్మదిగా అంతా ఉర్దూలో చెప్పింది. ‘ఖలియా’ అన్నది, ‘మర్కజా’ అన్నది, మైటోకాండ్రియాను మైటోకాండ్రియా అనే అన్నది. నానీ శ్రద్ధగా చూచి, “అయితే అద్దెకు వచ్చినవాడు ఇంటివాడై కూర్చున్నాడు. దొంగ కోసం వేసిన దెబ్బ వాడికి తగిలింది” అన్నారు. పుస్తకాలన్నీ వెదకినా ఇంత క్లుప్తమైన నిర్వచనం మాకు దొరికి ఉండేది కాదు. మనుమరాలి కళ్ళు చెమర్చుట చూచి ఆమె, “ఏడవకు బేటీ. ఆ సూదిని నేను తిట్టను. ఆ సూది లేకపోతే 1979లో మీ అమ్మ పుట్టేది కాదు. చెవులు ఇచ్చి కూతురిని తెచ్చుకున్నాను” అని వీపు నిమిరారు.

ప్రియ సోదర విద్యార్థులారా! పట్టిక వ్రాయవద్దని మేము చెప్పడం లేదు. ఆ పట్టిక నిజం. దానిలోని భేదాల మీదనే పెన్సిలిన్ మొదలు నేటి మందుల వరకు ఆధారపడి ఉన్నవి. నానీ ప్రాణం నిలిచింది కూడా ఆ భేదం వలననే. కాని మధ్యన మనం గీసే నిలువు గీత అంత తిన్ననిది కాదు. ఆ గీత ఎక్కడ వంగుతుందో తెలుసుకొనుట కూడా చదువులో భాగమే. ఈసారి మా రికార్డు పుస్తకంలో రైబోసోముల వరుసకు ఎదురుగా ‘కుడి వరుసలోని మైటోకాండ్రియాలో ఎడమ వరుసకు చెందిన గుర్తులు ఉన్నవి’ అని ఒక వాక్యం చేర్చాము. మీ తల్లుల, అమ్మమ్మల వైపు ఏ సూది మందు తరువాతనైనా చెవుడు వచ్చినవారు ఉన్నారేమో ఒకసారి అడిగి తెలుసుకోండి. ఉంటే, ఆ సంగతి వైద్యునికి చెప్పడం మరువకండి.

కళాశాల పాలకవర్గం వారికి మా సవినయ మనవి ఒకటి. నూనె కటకం గల సూక్ష్మదర్శిని నలుగురికి ఒకటి చొప్పున ఉన్నది. ఇద్దరికి ఒకటి చొప్పున సమకూర్చగలిగితే నలకలుగా కనిపించేవి నలకలు కావని మరికొందరు తమ కంటితో తెలుసుకుంటారు. అదేవిధంగా ప్రయోగశాల గోడపై కణభాగాల పేర్లను ఉర్దూలోనూ తెలుగులోనూ ప్రక్కప్రక్కన వ్రాయించడానికి అనుమతి ప్రసాదింప ప్రార్థన. వ్రాసే పని మా నలుగురం చేస్తాము. రెండు భాషలలోనూ చెప్పగలిగిన నాడే నేర్చిన చదువు మన ఇళ్ళలోని పెద్దలందరికీ చేరుతుంది. వారు అడిగే ప్రశ్నలు తిరిగి మన తరగతి గదికి చేరుతాయి.